కంటిని అడిగితే చెబుతుంది

పిల్లలూ, కళ్ళ డాక్టరుగారు గోడకు తగిలించిన అట్టమీది అక్షరాలను చదవమంటారు. ఆఖరు వరుసదాకా గడగడా చదివేస్తే కళ్ళు భేషుగ్గా ఉన్నట్టేనా? అలా అనుకోవటానికి వీల్లేదు. కంటి లోపల, వెనక గోడకు రెటీనా అనే పలచని పొర ఉంటుంది. అక్షరాలు చదివేది ఆ పొర మధ్యనున్న చిన్న చుక్కంత చోటు మాత్రమే. మిగతా పొర ఎలా ఉన్నదో అట్ట చెప్పలేదు.

కొందరికి కంటిలోపల వాపు వస్తుంది. దాన్ని యువైటిస్ అంటారు. అందులో ‘బర్డ్‌షాట్’ అని ఒక రకం ఉన్నది. పిట్టలను కొట్టే తుపాకీ రవ్వలు చెదిరినట్టు కంటివెనక లేతరంగు మచ్చలు కనిపిస్తాయి గనక దానికా పేరు. ఈ రోగి ఒక్కొక్కప్పుడు అట్టంతా చదివేస్తాడు. కాని చీకట్లో తడుముకుంటాడు, రంగులు వెలిసిపోయినట్టున్నాయంటాడు. మరి పొర సంగతి ఎవరిని అడగాలి? పొరనే అడగాలి!

వెలుతురు పడితే కంటిలోని విద్యుత్తు మారుతుందని 1865లో స్వీడన్‌లో హోల్మ్‌గ్రెన్ కప్పకంటిలో కనిపెట్టాడు. 1877లో జేమ్స్ డ్యూయర్ మనిషి కంటిలోనూ ఆ మార్పును చూపాడు. మన థర్మాస్ ఫ్లాస్కుకు మూలమైన పాత్రను తరవాత తయారుచేసినది ఈ డ్యూయరే!

ఈనాడు ఆ పరీక్షను ఎలెక్ట్రోరెటినోగ్రామ్ అంటారు. రోగిని 20 నిమిషాలు చీకట్లో కూర్చోబెడతారు. కంటికి సన్నని తీగ తాకించి, మసకగా ఒక మెరుపు మెరిపిస్తారు. దానికి బదులు పలికేవి దండాలు. దండాలంటే నమస్కారాలు కావు, కర్రల్లా ఉండే కణాలు! ఆ జవాబు ఎంత చిన్నదంటే, వోల్టును పదిలక్షల భాగాలు చేస్తే అందులో కొన్ని వందల భాగాలు మాత్రమే.

తరవాత వెలుతురులో సెకనుకు 30 సార్లు దీపం మిణుకుమనిపిస్తారు. ఆ వేగాన్ని దండాలు అందుకోలేవు. శంకువులనే మరో రకం కణాలే బదులిస్తాయి. బర్డ్‌షాట్ రోగిలో ఆ బదులు సెకనులో కొన్ని వెయ్యోవంతులు ఆలస్యమవుతుంది. అట్ట బాగా చదువుతున్నవారిలో కూడా ఈ ఆలస్యం బయటపడవచ్చు.

అంత చిన్న ఆలస్యంతో పనేమిటంటారా? చాలా ఉన్నది. మందు చాలకపోతే కణాలు చచ్చిపోతాయి. చచ్చినవి తిరిగి రావు. పోనీ మందు ఎక్కువే వేద్దామా అంటే, స్టెరాయిడ్లతో శుక్లాలు రావచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. జవాబు త్వరపడుతున్నదా, ఇంకా వెనకబడుతున్నదా అని మళ్ళీ మళ్ళీ కొలిచి చూస్తే, మందు పెంచాలో తగ్గించాలో డాక్టరుగారికి ఒక ఆధారం దొరుకుతుంది.

అలాగని అట్టను అవతల పారెయ్యకూడదు సుమా! పొర మధ్యచోటు ఒక్కటే వాచితే ఈ పరీక్షలో జవాబు మామూలుగానే రావచ్చు. అందుకే రెండూ చేయిస్తారు.