పడవల మూతి పడమరకు తిరిగితే...

కరీబియన్ సముద్రంలో గ్రెనడా దేశానికి చెందిన చిన్న దీవి క్యారియాకూ. దాని పడమటి ఒడ్డున టిరెల్ బే. అక్కడ లంగరు వేసిన తెరచాప పడవలన్నీ ఏడాదిలో చాలా రోజులు మూతి తూర్పుకే పెట్టి నిలబడతాయి. గాలి అటు నుంచే వీస్తుంది. తూర్పున అట్లాంటిక్ కెరటాలు రాళ్లను మోదుతుంటే, కొండల చాటున ఉన్న ఈ పడమటి నీళ్లు చెరువులా ఉంటాయి. అందుకే ఈ దీవులవాళ్లు ఊళ్లనీ రేవులనీ పడమటి వైపు కట్టుకున్నారు. గ్రెనడా రాజధాని సెయింట్ జార్జెస్, డొమినికా రాజధాని రోజో, సెయింట్ లూసియాలోని కాస్ట్రీస్... అన్నీ పడమర మొహమే.

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా ఈ చెరువును నమ్మడానికి లేదు. హరికేన్ల కాలం అది. ఆఫ్రికా వైపు నుంచి మబ్బుల గుంపులు ఒకదాని వెనక ఒకటి అట్లాంటిక్ మీదికి వస్తాయి. నీటి వెచ్చదనం 26.5 డిగ్రీలు దాటి, పై గాలులు అడ్డుపడకపోతే వాటిలో కొన్ని సుడి తిరుగుతాయి. మొదటి రెండు నెలల్లో సహారా ఎడారి పొడిగాలి చాలావాటిని పుట్టకముందే చంపేస్తుంది. ఆకాశాన్ని మసకబార్చే ఆ దుమ్మును జనం విసుక్కుంటారు గానీ, నిజానికి అది వాళ్లకు కాపలా. అసలు గండం ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. సెప్టెంబరు 10 ప్రాంతంలో ఉద్ధృతి మరీ ఎక్కువ.

తుపాను కబురు ఆకాశం కంటే ముందు సముద్రమే చెబుతుంది. తూర్పు ఒడ్డున మామూలు కెరటాలు ఆరేడు సెకన్లకొకటి చొప్పున చిందరవందరగా విరుగుతాయి. ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల అవతల హరికేన్ లేస్తే, అక్కడి కెరటాలు దానికంటే వేగంగా బయల్దేరి ఒకటి రెండు రోజులు ముందే ఒడ్డు చేరతాయి. ఎండ కాస్తూనే ఉంటుంది, ఆకు కదలదు. కానీ కెరటానికీ కెరటానికీ మధ్య పన్నెండు, పద్నాలుగు సెకన్ల ఎడం. నున్నగా, బారుగా వచ్చి బరువుగా పడుతుంది. ఉపగ్రహాలు లేని రోజుల్లో చాలామంది నావికులకు ఆ ఎడమే హెచ్చరిక.

దీవికి ఉత్తరంగా సుడి సాగిపోతే గాలి తారుమారవుతుంది. ముందు వాయవ్యం, తర్వాత పడమర, ఆపైన నైరుతి. టిరెల్ బేలో పడవల మూతులు పడమరకు తిరుగుతాయి. అంతదాకా చాటుగా నిలిచిన ఒడ్డు ఇప్పుడు వెనక పొంచి ఉంటుంది. లంగరు జారితే పడవ రాళ్ల మీదికే. 1999 నవంబరులో లెన్నీ అనే హరికేన్ అసలు పడమటి నుంచే తూర్పుకు నడిచింది. అది చాలా దూరంగా ఉన్నా దాని కెరటాలు గ్రెనడా దాకా పడమటి తీరాలను కోసేశాయి. అక్కడి గోడలు ఆ వైపు నుంచి దెబ్బ పడుతుందని ఊహించి కట్టినవి కావు.

గ్రెనడా మరీ దక్షిణాన, 12 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటుంది. తుపానులు ఇంత కిందికి దిగవన్న ధీమాతో ఎక్కడెక్కడి పడవలో సీజను గడపడానికి ఇక్కడికి వచ్చేవి. 1955లో జానెట్ హరికేన్ కొట్టింది నిజమే, కానీ అర్ధ శతాబ్దంలో ఆ జ్ఞాపకం పలచబడింది. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ వచ్చింది. పదింట తొమ్మిది ఇళ్లు దెబ్బతిన్నాయి, 39 మంది పోయారు.

మిగిలిన నమ్మకం నెలల మీద. జులై మొదట్లో ఇంకా టైముందనుకుంటారు. 2024లో ఇక్కడి సముద్రం జులై నాటికే సెప్టెంబరులో ఉండాల్సినంత వేడెక్కింది. జులై 1న బెరిల్ హరికేన్ పెనుగాలితో క్యారియాకూ మీదే తీరం దాటింది. మర్నాటికి అన్నిటికంటే తీవ్రమైన ఐదో కేటగిరీకి చేరింది. అట్లాంటిక్‌లో అంత ముందుగా ఆ స్థాయికి చేరిన తుపాను రికార్డుల్లో లేదు.

టిరెల్ బే పక్కనే మడ అడవి ఉంది, మన కోరింగ మడ అడవికి చిన్న చుట్టంలా. తుపాను వస్తుందంటే పడవలవాళ్లు అందులోకి దూరి, మూతి చెట్లలోకి గుచ్చి, మడ వేళ్లకు సాలెగూడులా తాళ్లు కడతారు. తరాలుగా తెలిసిన విద్య అది. బెరిల్‌కు ముందు రోజు కూడా అలాగే కట్టారు. గాలి తగ్గాక చూస్తే పడవలు ఒకదాని మీదొకటి ఎక్కి, తెరచాప కొయ్యలు విరిగి ఉన్నాయి. చుట్టూ మడ చెట్లకు ఒక్క ఆకు లేదు. అరగంటలో దీవి నేలమట్టమైందని ప్రధానమంత్రి డికన్ మిచెల్ చెప్పారు.

ఆ గాలి గ్రెనడా ప్రధాన దీవి ఉత్తరభాగాన్నీ వదల్లేదు. అక్కడ జాజికాయ తోటలున్నాయి. ఆ దేశపు జెండా మీద కూడా జాజికాయ ఉంటుంది. ఒకప్పుడు ఇండోనేసియా తర్వాత ప్రపంచంలో ఎక్కువ జాజికాయ పండించింది వాళ్లే. ఐవాన్ ఆ చెట్లలో చాలావాటిని కూల్చేసింది. రైతులు మళ్లీ నాటారు. జాజి చెట్టు తొలికాపుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది, నిండుకాపుకు ఇంచుమించు ఇరవై. ఐవాన్ తర్వాత నాటిన మొక్కకు 2024 నాటికి ఇంచుమించు ఆ నిండుకాపు వయసే వచ్చింది.