మీకు తెలుసా? సమాధికి చోటు కొన్నా నేల మీది కాదు

సిడ్నీలోని రూక్‌వుడ్ సమాధుల తోటలో, కథోలిక విభాగంలో డబ్బు కట్టి చోటు తీసుకున్నా ఆ నేల మన పేరున రిజిస్టర్ కాదు. దక్కేది అక్కడ భూస్థాపన చేసుకునే హక్కు మాత్రమే. రూక్‌వుడ్‌లో ఖననాలు 1867లో మొదలయ్యాయి. తోట విస్తీర్ణం సుమారు 300 హెక్టార్లు. కథోలికులకు మొదటి నుంచీ అందులో వేరే భాగం ఉంది.

ఆ హక్కు ఎవరి పేరున ఉంటే వారి అనుమతి లేనిదే సమాధి తెరవరు, రాయి నిలబెట్టనివ్వరు. ఇద్దరి పేర్ల మీద తీసుకుంటే ఒకరు పోయాక రెండో వారికి చెందుతుంది. ఒక్కరి పేరే ఉంటే వీలునామా చూస్తారు. ఇల్లు ఎవరికో, సూపర్ (పదవీ విరమణ నిధి) డబ్బు ఎవరికో రాసిపెట్టే మనవాళ్లు ఈ హక్కు సంగతి మరిచిపోతారు. తల్లి పోయిన దుఃఖంలో అన్నదమ్ములు పాత కాగితాల కోసం వెతుక్కోవలసి రావడం కన్నా బాధ ఏముంటుంది?

ఒకే గుంటలో భార్యాభర్తలను ఒకరి పైన ఒకరిని ఉంచడం అక్కడ మామూలే. అయితే మొదటి భూస్థాపనకు ముందే ఆ మాట చెప్పాలి, అప్పుడే లోతుగా తవ్వుతారు. న్యూ సౌత్ వేల్స్ ఆరోగ్య నిబంధనల ప్రకారం పై పెట్టె మూత నేలమట్టానికి కనీసం 900 మిల్లీమీటర్ల దిగువన ఉండాలి. మట్టిలో వద్దనుకునేవారికి గోడ అరల్లాంటి సమాధులున్నాయి. వాటిలో ఉంచాలంటే దేహానికి ఎంబామింగ్ చేసి, గాలి చొరబడని పెట్టెలో మూయాలి.

ఈ హక్కు ఎన్నాళ్లకు? ఇదే అసలు అడగవలసిన ప్రశ్న. న్యూ సౌత్ వేల్స్‌లో శాశ్వత హక్కుతో పాటు 2018 నుంచి గడువు హక్కు కూడా వచ్చింది. ఖననానికైతే కనీసం 25 ఏళ్లు, పొడిగించుకుంటూ పోతే మొత్తం 99 ఏళ్ల వరకు. పొడిగించకుండా వదిలేస్తే అస్థికలను అదే గుంటలో ఇంకా లోతున పెట్టో, అస్థికల గదికి తరలించో, చోటును మరొకరికి ఇవ్వవచ్చు. పెర్త్‌లో హక్కు ఇచ్చేదే 25 ఏళ్లకు, ఆపైన మరో 25 ఏళ్లకు పొడిగించుకోవాలి. ఊరు మారితే నియమం మారుతుంది కాబట్టి సంతకానికి ముందు గడువు రాసిన ఆ ఒక్క గడి తప్పక చదవండి.

దహనానికి కథోలిక శ్రీసభ 1963లోనే దారి ఇచ్చింది, ఇప్పటికీ ఖననమే మేలంటుంది. చితాభస్మాన్ని మాత్రం పవిత్ర స్థలంలోనే భద్రపరచాలని, నీళ్లలో కలపడం, గాలిలో చల్లడం కూడదని 2016లో వాటికన్ స్పష్టంగా చెప్పింది. కొంత ఇక్కడి గోడ అరలో పెట్టి, కొంత గోదావరిలో కలపాలనుకునే మిశ్రమ వివాహ కుటుంబాలకు ఇది కష్టమైన మాటే. మృతుల జీవితంలో ప్రాధాన్యమున్న ఒక చోట కొద్దిపాటి భస్మం ఉంచుకోవడాన్ని శ్రీసభ అధికారులు పరిశీలించవచ్చని 2023 డిసెంబరులో వాటికన్ కొంత సడలించింది. అయినా చల్లడానికి ఒప్పుకోలేదు. ముందుగా మీ ఫాదర్‌గారితో మాట్లాడండి.

ఒకసారి పాతిపెట్టాక కదిలించాలంటే ఇప్పుడు న్యూ సౌత్ వేల్స్ ఆరోగ్యశాఖ అనుమతి కావాలి. పూర్వం అలా కదిలించిన ఉదంతం ఒకటుంది. ఆస్ట్రేలియా తొలి పునీతురాలు మేరీ మెకిల్లప్‌ను 1909లో సిడ్నీలోని గోర్ హిల్ తోటలో సమాధి చేశారు. భక్తులు ఆ సమాధి మట్టిని గుప్పెళ్లతో పట్టుకుపోసాగారు. అందుకని 1914లో ఆమె భౌతికకాయాన్ని నార్త్ సిడ్నీలోని మౌంట్ వీధి ప్రార్థనాలయానికి తరలించారు. అక్కడి సమాధి గదిని కానుకగా ఇచ్చినది కథోలికురాలు కాదు. మేరీకి చిరకాల స్నేహితురాలు, ప్రెస్బిటేరియన్ అయిన జోవానా బార్ స్మిత్.