చూపు లేని పిల్లలకు నోట్‌బుక్కు ఏది?

సదరం శిబిరంలో కళ్ల పరీక్ష పూర్తవుతుంది. నూటికి నూరు శాతం అంధత్వం అని సర్టిఫికెట్టు చేతికి వస్తుంది. పింఛను సంగతి, బస్సు పాసు సంగతి మాట్లాడుకుంటారు. అన్నీ అయ్యాక, మా నెల్లికుదురు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “సారూ, ఇగ మా పిల్ల సదువెట్ల?”

ఈ ప్రశ్నకు ఇప్పుడు ఊళ్లో అందరి దగ్గరా ఒకటే జవాబు ఉంది. “ఫోను కొనియ్యి, అదే చదివి వినిపిస్తది” అంటారు. కాస్త ఉన్న బంధువో, ఏదైనా సేవాసంస్థో ఉంటే “చేతిలో పట్టే బ్రెయిలీ మిషను వచ్చిందట, తెప్పిద్దాం” అంటారు. రెండూ మంచి మాటలే. కాని ఆ మిషను నుంచి చూపు లేనివారు ఏం కోరుకుంటున్నారో వారినే అడిగి కొనేవాళ్లు తక్కువ. అడగకుండా కొన్నది కొన్నాళ్లకు బీరువాలోకి చేరుతుంది. కళ్లద్దాలు ఎవరి నంబరు వారికే రాస్తాం కదా! ఇదీ అంతే.

ముందు కంటి సంగతి

సర్టిఫికెట్టులో ‘అంధత్వం’ అని ఉన్నంత మాత్రాన కళ్ల ముందు పూర్తి చీకటి అని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలు పెట్టినా మెరుగైన కంటి చూపు 3/60 కంటె తక్కువగా ఉంటే అంధత్వం కిందికి వస్తుంది. అంటే, మామూలు మనిషి 60 మీటర్ల నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వచ్చినా గుర్తుపట్టలేకపోవడం. చూపు ఎంత దూరం పోయినా, పక్కలు కనిపించకుండా చూపు వెడల్పు 10 డిగ్రీల లోపుకు కుంచించుకుపోతే అదీ అంధత్వమే.

ఇలాంటి పిల్లల్లో కొందరికి ఎంతో కొంత చూపు మిగిలి ఉంటుంది. భూతద్దంతో, పెద్ద అక్షరాలతో చదవగలిగితే ఆ చూపును వాడుకోనివ్వాలి. చూపు రానురాను తగ్గే జబ్బయితే మాత్రం చూపు ఉండగానే బ్రెయిలీ మొదలుపెట్టడం మేలు. కాబట్టి ఏ పరికరమైనా కొనే ముందు, చూపు తక్కువవారికి ప్రత్యేకంగా పరీక్ష చేసే విభాగం ఉన్న కంటి ఆసుపత్రిలో ఒకసారి చూపించండి.

వినడం వేరు, చదవడం వేరు

ఫోను మాట్లాడుతుంది. 2006లో మొదలైన ఎన్‌విడిఎ అనే సాఫ్ట్‌వేరుతో కంప్యూటరు కూడా ఉచితంగా చదివి వినిపిస్తుంది. ఇక చుక్కలెందుకని మీరు అడగవచ్చు.

మీ పిల్లవాడికి పుట్టినప్పటి నుంచి పాఠాలు చదివి వినిపించి, ఒక్క అక్షరం కూడా చూపించలేదనుకోండి. వాడికి చాలా విషయాలు తెలుస్తాయి. కాని ‘కల’ ఎక్కడ, ‘కళ’ ఎక్కడ, ‘కష్టం’లో ఏ ష, ఏ ఒత్తు అంటే తెల్లముఖం వేస్తాడు. లెక్కల్లో అయితే మరీ కష్టం. బ్రాకెట్టు ఎక్కడ తెరుచుకుంది, ఎక్కడ మూసుకుంది, ఇవి చెవితో సులువుగా పట్టుకునేవి కావు. చూపున్న బిడ్డకు కన్ను చేసే ఈ పనిని చూపు లేని బిడ్డకు వేలికొన చేస్తుంది. చిన్ననాడే చూపు పోయినవారు బ్రెయిలీ చదువుతుంటే, మెదడులో చూపు కోసం కేటాయించిన భాగం కూడా పనిచేస్తుందని 1996లో నొరిహిరో సదాతో బృందం పరిశోధన చూపించింది. అంటే ఆ భాగం ఖాళీగా కూర్చోదు, వేలు చెప్పేది అందుకుంటుంది.

అందుచేత ఫోను వద్దని కాదు. ఫోను చెవికి, బ్రెయిలీ వేలికి. ఒకటుందని రెండోది మానకూడదు.

పలక నుంచి మిషను దాకా

బ్రెయిలీ లిపి ఫ్రాన్సు దేశస్థుడు లూయీ బ్రెయిలీ పేరు మీద వచ్చింది. 1809లో పుట్టిన ఆయనకు మూడేళ్ల వయసులో తండ్రి పనిచేసే చోట మొనదేలిన పనిముట్టు కంట్లో గుచ్చుకుని, క్రమంగా చూపు పోయింది. ఆరు చుక్కల లిపిని 1829లో పుస్తకంగా ప్రకటించాడు. ఒక్కొక్క గడిలో ఆరు చుక్కలు, వాటితో 63 ఆకారాలు వస్తాయి. మన దేశంలో అన్ని భాషలకూ కలిపి 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడింది. తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ ఒకే చుక్కలు.

రాయడానికి ఇప్పటికీ చవకైనది స్లేటు, స్టైలస్. చట్రంలో మందపాటి కాగితం బిగించి మొనతో పొడుస్తూ పోవాలి. కుడి నుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. రాసింది వెంటనే చదువుకోవడానికి ఉండదు. అదే 1951లో వచ్చిన పెర్కిన్స్ బ్రెయిలర్ మీద రాస్తూనే చదువుకోవచ్చు. కాని అది దాదాపు 5 కిలోల బరువు, తరగతిలో టైపు మిషనులా చప్పుడు చేస్తుంది.

ఈ ఇబ్బందులు పోగొట్టడానికి వచ్చినవే బ్రెయిలీ నోట్‌టేకర్లు. 1987లో అమెరికాలో డీన్ బ్లేజీ తెచ్చిన ‘బ్రెయిల్ అండ్ స్పీక్’ అనే చిన్న యంత్రంలో బ్రెయిలీ మీటలు నొక్కి రాస్తే, అది గొంతుతో వినిపించేది. వేలికి తగిలే చుక్కలు లేవు. ‘రాయడం సరే, చదువుకునేదెట్లా?’ అన్న కోరిక మిగిలింది. తరువాత వచ్చిన వాటిలో, 2000లో న్యూజిలాండు నుంచి వచ్చిన ‘బ్రెయిల్‌నోట్’ వంటి వాటిలో, చుక్కలు లేచి పడే వరుస కూడా ఉంది. మన దేశంలో ఢిల్లీ ఐఐటి మరికొన్ని సంస్థలతో కలిసి 2019లో ‘డాట్‌బుక్’ తెచ్చింది.

ధర ఎందుకు ఎక్కువంటారా? 20 గళ్ల వరుసలో గడికి 8 చుక్కల చొప్పున 160 చిన్న పుల్లలు విడివిడిగా లేవాలి, పడాలి. చాలా మిషన్లలో ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క స్ఫటికపు రేకు ఉంటుంది. దానికి విద్యుత్తు తగిలితే అది వంగి చుక్కను లేపుతుంది. ఖరీదంతా అక్కడే. ధర తగ్గించాలని పలు దేశాల అంధుల సంస్థలు చేతులు కలిపి వేరే పద్ధతిలో చేయించిన 20 గళ్ల ‘ఆర్బిట్ రీడర్’ 2016లో బయటికి వచ్చింది.

వాడేవారు కోరేదేమిటి?

మిషను అమ్మేవారు అందులోని వింతలు చెబుతారు. వాడేవారు కోరేవి మాత్రం సామాన్యమైన సంగతులు. చూపున్నవారు తమ నోటుబుక్కు నుంచి కోరుకునేవే!

తెరవగానే రాసుకోవాలి. మాస్టారు నోట్సు చెప్పడం మొదలుపెట్టాక మిషను నిద్రలేవడానికి రెండు నిమిషాలు తీసుకుంటే రెండు వాక్యాలు పోయినట్లే. నిన్న ఆపిన చోటే ఇవాళ తెరుచుకోవాలి.

నిశ్శబ్దంగా ఉండాలి. చెవిలో మిషను మాట్లాడుతుంటే మాస్టారి మాట వినపడదు. వేలితో చదువుకుంటే చెవులు పాఠానికి మిగులుతాయి. పైగా తన లెక్కలు, తన ఉత్తరం పదిమందికి వినపడకుండా తానే చదువుకోవడం ఎవరికైనా మర్యాద కదా!

తెలుగు సరిగా రావాలి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. ‘నెల్లికుదురు’ అచ్చులో ఐదక్షరాలు. బ్రెయిలీలో న, ఎ, పొల్లు గుర్తు, ల, ల, ఇ, క, ఉ, ద, ఉ, ర, ఉ అని విడివిడిగా 12 గళ్లు పడుతుంది. ‘నెల్లికుదురు మండలం’ అంటే మధ్య ఖాళీతో కలిపి 18 గళ్లు. 20 గళ్ల మిషను మీద రెండు మాటలతో వరుస నిండిపోయింది! ఇంగ్లీషు బ్రెయిలీలో పొట్టి రాతలు ఉన్నాయి కాబట్టి అదే వరుసలో ఎక్కువ మాటలు పడతాయి. అందుచేత ఇంగ్లీషులో చూపించి “బాగుంది” అంటే సరిపోదు. తెలుగు పాఠం పెట్టించి చదివించండి. వేలు ఎంతసేపటికొకసారి ముందుకు జరిపే మీట నొక్కాల్సి వస్తోందో అప్పుడు తెలుస్తుంది. డిగ్రీ చదివేవారికి 40 గళ్లది హాయి. బస్సెక్కి తిరిగే బడిపిల్లకు 20 గళ్లది తేలిక. 

తప్పు దిద్దుకోవాలి. రాసినదాంట్లో ఒక అక్షరం తప్పయితే, ఆ గడి పైన ఉన్న చిన్న మీట నొక్కి నేరుగా అక్కడికే పోగలగాలి. ఈ మీటలు ఉన్నాయో లేదో చూడండి.

చూపున్నవారికీ అందాలి. పిల్ల రాసిన జవాబు మాస్టారికి మామూలు తెలుగు అక్షరాల్లో కనపడకపోతే దిద్దేదెవరు? ఫోనుకు, కంప్యూటరుకు కలిసి, బ్రెయిలీని అచ్చు తెలుగుగా మార్చి ఇచ్చే ఏర్పాటు కావాలి.

కరెంటుకు, దుమ్ముకు తట్టుకోవాలి. ఒకసారి చార్జి చేస్తే బడి రోజంతా రావాలి. బ్యాటరీ పాతబడితే మార్చుకునే వీలుండాలి. చుక్కల సందుల్లో దుమ్ము, చెమట జిడ్డు చేరితే చుక్క సగమే లేస్తుంది. ఒక చుక్క లేవకపోతే ఒక అక్షరం మరొక అక్షరమవుతుంది. అప్పుడు బాగుచేసేవారు ఎక్కడున్నారు? ఎన్నాళ్లకు తిరిగిస్తారు? ధరకంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇది.

వేళ్ల ఆరోగ్యం

ఇక డాక్టరుగా నేను చెప్పవలసిన మాట. బ్రెయిలీకి కన్ను వేలికొనే. ఒక గడిలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న వేలికొన 2, 3 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు మొనలను రెండుగా గుర్తుపడుతుంది. అంటే పెద్దగా మిగులు లేదు. స్పర్శ కొంచెం మందగించినా చదువు కుంటుపడుతుంది.

చక్కెర జబ్బుతో చూపు పోయినవారిలో వేళ్ల నరాలు కూడా దెబ్బతిని ఉండవచ్చు. తిమ్మిర్లు, మొద్దుబారడం ఉంటే ముందు స్పర్శ పరీక్ష చేయించుకోండి. స్పర్శ బాగా తగ్గినవారికి మాట్లాడే ఫోనే మేలు. వారికి వేల రూపాయల బ్రెయిలీ మిషను కొనడం డబ్బు దండగ. కుష్ఠు వ్యాధిలోనూ స్పర్శ పోతుంది. చేతులపై మచ్చలో, మొద్దుబారిన చోటో ఉంటే చూపించుకోవడం ఆలస్యం చేయవద్దు.

మన పక్క మిరపకాయ ఏరే రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో ఇంట్లో అందరి చేతులూ పనిలోనే ఉంటాయి. చదువుకునే బిడ్డ వేళ్లు కాయలు కాయకుండా, మంట పుట్టకుండా చూసుకోండి. చదివే ముందు చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడవండి. ఇది వేలికీ మేలే, మిషనుకూ మేలే. కొబ్బరినూనె రాసేదుంటే రాత్రి పడుకునేముందు రాయండి. చుక్కల మీద వేలిని అదిమి పెట్టకూడదు, తేలికగా జరపాలి. రెండు చేతులతోనూ చదవడం అలవాటు చేస్తే ఒక వేలికి గాయమైనా చదువు ఆగదు. మిషను ఒళ్లో పెట్టుకుని వంగి రాస్తే మెడ, మణికట్టు నొప్పులు వస్తాయి. మోచేతుల ఎత్తుకు సరిపడే బల్ల చాలు.

కొనే ముందు

1. బిడ్డకు స్లేటు మీద బ్రెయిలీ రాయడం, చదవడం వచ్చిందా? అక్షరం రాకుండా మిషను ఇస్తే లాభం లేదు. మిషను చెడిపోయిన రోజున కూడా స్లేటే ఆదుకుంటుంది.

2. బిడ్డ చేతికిచ్చి కనీసం అరగంట తెలుగు చదివించి, రాయించి చూశారా?

3. బడిలోని టీచరు దానిని ఎలా వాడాలో నేర్చుకుంటారా?

4. చదవడానికి పుస్తకాలున్నాయా? 2016లో మొదలైన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైను గ్రంథాలయంలో చూపు లేనివారు సభ్యులుగా చేరి మన దేశభాషల పుస్తకాలు దింపుకోవచ్చు. అక్కడి పుస్తకాలు మీరు కొనే మిషనులో తెరుచుకుంటాయో లేదో అడగండి.

5. ప్రభుత్వ సాయం అడిగారా? వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిఐపి పథకం 1981 నుంచి ఉంది. ఇప్పుడు ఏ పరికరాలు ఇస్తున్నారో, ఆదాయ పరిమితి ఎంతో మహబూబాబాద్‌లోని జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

దానం చేసేవారికి కూడా ఒక మాట. శాలువా కప్పి, ఫొటో దిగి మిషను ఇవ్వడంతో పని పూర్తి కాదు. పది మిషన్లు ఇచ్చే డబ్బుతో ఎనిమిదే ఇచ్చి, మిగిలిన సొమ్ము నేర్పడానికి, మరమ్మతుకు కేటాయిస్తే ఎనిమిదీ పనిచేస్తాయి. ఇచ్చే ముందు ఆ పిల్లలనే కూర్చోబెట్టి, “నీకు ఏం కావాలి?” అని అడగండి. వారు చెప్పేది చాలా చిన్న కోరికగా ఉంటుంది. తన నోట్సు తాను రాసుకోవాలి, తాను రాసింది తానే చదువుకోవాలి, ఇంకొకరి తీరుబాటు కోసం ఎదురుచూడకూడదు. మీరు కొనే మిషను ఆ మూడూ చేస్తే మంచిది. చేయకపోతే ఎంత ఖరీదైనదైనా వద్దనండి.