సీడీకి జ్ఞాపకం ఎన్నాళ్లు?

2004లో మా పాఠశాల వార్షికోత్సవంలో పిల్లలు వేసిన నాటకాన్ని వీడియో తీయించి, సీడీలోకి ఎక్కించి, సైన్సు గది కిటికీ పక్క అరలో, డబ్బా లేకుండా నిలబెట్టాను. 2019లో, ఆ నాటకంలో వేషం కట్టిన విద్యార్థి ఒకడు తన చిన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. “మాస్టారూ, మా పాపకి ఆ నాటకం చూపించరూ!” అన్నాడు. సీడీని కంప్యూటరులో పెట్టాం. గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. బొమ్మ మాత్రం రాలేదు. డిస్కు మీద ఒక్క గీత కూడా లేదు. అదే అరలో ఉన్న, అంతకంటే పాతదైన పాటల సీడీ మాత్రం చక్కగా పలికింది!

ఎందుకిలా జరిగింది? ముందు సీడీలో ఏముందో చూద్దాం.

గుంటల వరుస

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో అమ్మకానికి వచ్చింది. అది 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్ల. దాని పైముఖాన కంటికి కనిపించని గుంటలు వరుసగా ఉంటాయి. గుంట వెడల్పు సుమారు అర మైక్రాను. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఈ వరుస జంతిక చుట్టలా లోపలి నుంచి బయటికి తిరుగుతుంది. విప్పి చాచగలిగితే 5 కిలోమీటర్లు దాటుతుంది! గుంటల మీద పలుచని అల్యూమినియం పూత, దానిపై రక్షణ పూత ఉంటాయి.

అడుగు నుంచి లేసర్ కిరణం ఈ వరుస మీద పడుతుంది. చదునైన చోట అద్దం మీద పడినట్లే పరావర్తనం చెందుతుంది. గుంట వచ్చినప్పుడు, గుంట నుంచీ దాని పక్కనున్న చదును నుంచీ వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల వెలుగు తగ్గుతుంది. గుంట అంటే 1, చదును అంటే 0 అనుకునేరు! గుంట మొదలైన చోట, ముగిసిన చోట 1. మార్పు లేకుండా సాగినంత మేరా 0లు. తర్వాత వచ్చిన డీవీడీలో గుంటలు ఇంకా చిన్నవి. సూత్రం మాత్రం ఇదే.

మరి గీత పడితే? సమాచారాన్ని ఒకేచోట పెట్టకుండా చెదరగొట్టి, సరిచూసుకోవడానికి అదనపు అంకెలు కూడా చేర్చి రాస్తారు. అందుచేత చిన్న గీత మింగిన అంకెలను యంత్రం లెక్కకట్టి పూరించుకుంటుంది.

అచ్చు వేరు, రంగు వేరు

పాటల సీడీలో గుంటలు కర్మాగారంలో అచ్చు పోసినవి. మనం కంప్యూటరులో రాసుకునే సీడీలో అలాంటి గుంటలు ఉండవు. అందులో ఒక రంగు పొర ఉంటుంది. లేసర్ వేడికి ఆ రంగు మారిన చుక్కలే గుంటల పని చేస్తాయి. ఎండలో ఆరేసిన చొక్కా వెలిసినట్లే, ఎండకూ వేడికీ ఈ రంగు కూడా చెడుతుంది. చుక్కకూ చదునుకూ తేడా తగ్గితే లేసర్ చదవలేదు. నా కిటికీ చేసిన పని అదే!

అచ్చు డిస్కు కూడా చిరంజీవి కాదు. పై పూత దెబ్బతింటే గాలి, తేమ చేరి అల్యూమినియం ఆక్సీకరణం చెందుతుంది. అడుగున మందమైన ప్లాస్టిక్ కాపలా ఉంది, పైన ఉన్నది పలుచని పూతే. కనుక బొమ్మ ఉన్న వైపే ఎక్కువ సున్నితం సుమా! దాని మీద బాల్ పెన్నుతో రాయకండి.

డిస్కుకు ఇన్నేళ్లని గీత గీసి చెప్పలేం. నీడన, చల్లగా, పొడిగా, డబ్బాలో నిలువుగా ఉంచితే ఆయుష్షు పెరుగుతుంది. అన్నిటికంటే మేలైనది నకలు. తాటాకులు శిథిలమయ్యేలోగా మన పూర్వులు కొత్త ఆకుల మీద తిరిగి రాసుకున్నారు. మనం చేయవలసిందీ అదే.

మా నాటకం మళ్లీ దొరకలేదు. మీ ఇంటి బీరువాలో అమ్మానాన్నల పెళ్లి సీడీ ఉందేమో అడగండి. ఈ ఆదివారమే దానికి రెండు నకళ్లు తీసి, వేర్వేరు చోట్ల దాచండి.