రాష్ట్రపతి యెన్నిక: పక్షాజ్ఞయా? అంతరాత్మయా?

రాజకీయపక్షములు లేనిదే ప్రజాప్రభుత్వము నడువదు. పక్షములే సర్వస్వమైనచో అది నిలువదు. ఈ రెండు సత్యములకును గల వైరము దేశాధ్యక్షుని యెన్నికయందు తేటపడినట్లు మఱెక్కడను తేటపడదు.

అమెరికా రాజ్యాంగకర్తలు అధ్యక్షుని యెన్నుకొను భారమును నిర్వాచకులను కొందఱపై నుంచిరి. వారు స్వబుద్ధితో యోగ్యుని నిర్ణయింతురని వారి తలంపు. పక్షద్వేషముల కెడమీయవలదని వాషింగ్టను 1796లో దేశమును హెచ్చరించెను. నాలుగేండ్లకే, 1800 ఎన్నికయందు, ఒకే పక్షమువారైన జెఫర్సను, బర్ అనువారలకు చెరి 73 వోట్లు వచ్చెను. ప్రతినిధిసభ 36 మారులు వోట్లు తీసికొనినగాని తగవు తీఱలేదు. 1804లో 12వ సవరణచే అధ్యక్షునకును ఉపాధ్యక్షునకును వేఱువేఱుగ వోటు వేయు పద్ధతి యేర్పడెను. కాలక్రమమున నిర్వాచకుడు పక్షము వ్రాసియిచ్చిన పేరును మోయు తపాలా బంట్రోతు వంటివాడయ్యెను. మాట తప్పిన నిర్వాచకుని రాష్ట్రములు శిక్షింపవచ్చునని 2020లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

మన రాజ్యాంగము త్రోవ వేఱు. పార్లమెంటునకును రాష్ట్ర శాసనసభలకును ఎన్నికైన సభ్యులే ఇట నిర్వాచకులు. వోటు రహస్యము, పక్షపు విప్పు దానికి వర్తింపదు. 2022 ఎన్నికలో కర్నూలు, కడపల శాసనసభ్యుని వోటు విలువ 159.

ఈ స్వాతంత్ర్యమునకు 1969లో గొప్ప పరీక్ష వచ్చినది. మే 3న జాకీర్ హుస్సేనుగారు దివంగతులు కాగా, కాంగ్రెసు నీలం సంజీవరెడ్డిగారిని నిలిపినది. అనంతపురము జిల్లా ఇల్లూరున జన్మించి, 1953లో కర్నూలు రాజధానిగ వెలసిన ఆంధ్రరాష్ట్రమునకు ఉపముఖ్యమంత్రియై, పిదప లోకసభాధ్యక్షులైనవా రాయన. ప్రతిగ స్వతంత్రుడై నిలిచిన వి.వి. గిరిగారును తెలుగువారే. ప్రధాని ఇందిరాగాంధి తమ పక్షపు అభ్యర్థిని తొలుత బలపఱచియు, పిదప అంతరాత్మ ప్రబోధానుసారము వోటు వేయుడని సభ్యులను కోరిరి. ఆగస్టు 16న పోలింగు జరిగెను. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548 వచ్చినను, ఎవ్వరికిని కావలసిన మెజారిటీ చిక్కలేదు. రెండవ ప్రాధాన్యపు వోట్లు కలియగా గిరిగారు 4,20,077, రెడ్డిగారు 4,05,427 పొందిరి. నవంబరునాటికి కాంగ్రెసు రెండుగ చీలినది.

అంతరాత్మ జయించినదని నాడు కొందఱనిరి. నాయకురాలు పిలిచిననాడే మేల్కొను అంతరాత్మ యెట్టిదని మఱికొందఱడిగిరి. రెండవ ప్రశ్న నేటికిని సజీవమే. ఒక యాజ్ఞను విడిచి మఱియొక యాజ్ఞకు తలవంచుట స్వాతంత్ర్యము కానేరదు.

ఓడినవారికి మఱల ప్రాణము పోసినది కర్నూలు జిల్లా. 1977లో ఆంధ్రప్రదేశమునందలి 42 లోకసభ స్థానములలో 41 కాంగ్రెసునకు పోగా, నంద్యాల యొక్కటియే జనతాపక్షమువారైన సంజీవరెడ్డిగారిని గెలిపించినది. ఆ జూలైలో 37 నామినేషన్లు దాఖలు కాగా, 36 చెల్లకపోవుటచే, ఆయన పోటీలేక రాష్ట్రపతి యైరి. పక్షములు కలిసికట్టుగ త్రోసిన గాలికి ఎదురునిలిచిన ఆ సామాన్యపు వోటరు చేసినది చిన్నపని కాదు.

కావున శాసనసభకు సభ్యుని యెన్నుకొనునపుడు, కాలువనీరు, బాటలు, పన్నులు విచారించినట్లే, ఈయన రహస్యపు పెట్టెకడ ఒంటరిగ నిలిచినపుడు ఎవరి మాట వినునని కూడ మనము విచారింపవలెను. రాష్ట్రపతిని యెన్నుకొను వోటు మన వోటునుండియే పుట్టుచున్నది.