పాలకొల్లు మీదుగా జాజ్ లోకానికి

జాజ్ అంటే హోటల్లో భోంచేస్తుంటే వెనకాల సన్నగా వినిపించే సంగీతమేనా? కానేకాదు. పని ఆపి వినమనే జాజ్ ఒకటుంది. అది మనకు పరాయిదీ కాదు. హైటెక్ సిటీ ఇయర్‌ఫోన్లకు ఈ ఆదివారం వినదగ్గ ఆల్బమ్‌ల వరస ఇది.

1983, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. వేదిక మీద 14 ఏళ్ళ కుర్రాడు. చేతిలో ట్రంపెట్ లేదు, శాక్సొఫోన్ లేదు, ఉన్నదల్లా బుల్లి ఎలక్ట్రిక్ మాండలిన్. ఊరు పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లు. పేరు ఉప్పలపు శ్రీనివాస్. కర్ణాటక సంగీతం వాయించే పిల్లవాణ్ని జాజ్ పండగకు పిలవడంలో వింతేమీ లేదు. రాగాన్ని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే మనోధర్మం మన సంగీతానికి ఎలాగో, అలా అప్పటికప్పుడు అల్లుకోవడం జాజ్‌కూ ప్రాణమే.

మన సంగీతం అటు వెళ్ళిన దారిలోనే మన చెవి కూడా వెళ్ళొచ్చు. ఐటీ కారిడార్‌లో ఇయర్‌ఫోన్ లేని చెవి అరుదు. రాయదుర్గం మెట్రోలో, మైండ్‌స్పేస్ సిగ్నల్ దగ్గర ఆగిన క్యాబ్‌లో, నానక్‌రాంగూడ నైట్ షిఫ్టులో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. యాప్‌లు ‘ఫోకస్’, ‘చిల్’ అని పేర్లు పెట్టి వడ్డించే ప్లేలిస్టుల్లో జాజ్ కూడా ఉంటుంది. అయితే అది పనికి అడ్డురాని జాజ్. ఇక్కడ చెప్పబోయేది అడ్డొచ్చే జాజ్ గురించి.

అవాంగార్డ్ జాజ్, ప్రోగ్రెసివ్ ఫ్యూజన్ అని పిలిచే ఈ సంగీతం మొదటిసారి వింటే గోలగోలగా ఉంటుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. చిక్కంతా వరసలో ఉంది. ఆఖరి మెట్టు మీద ముందే కాలు పెడితే ఎవరైనా తూలతారు. తెలుగు శ్రోతకు మొదటి మెట్లు ఇంటి గుమ్మంలోనే ఉన్నాయి.

మనవాళ్ళ చెయ్యి పట్టుకుని

మొదట ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్?’ (1986). సినిమా లేదు, పాట లేదు. త్యాగరాజ స్వామికీ జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితమిచ్చిన వాద్య సంగీతం. ఇది జాజ్ కాదు. కానీ సాహిత్యం లేకుండా ఆల్బమ్ మొత్తం వినే అలవాటు ఇక్కడ పడుతుంది. ఆ అలవాటు లేకపోతే ముందుకు వెళ్ళడం కష్టం.

తర్వాత మన శ్రీనివాస్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన నోటితో పాడితే శిష్యుడు వేళ్ళతో పలికించేవాడు. మాండలిన్‌లో గమకం గాత్రంలా సాగడానికి మూలం ఆ పాఠమే. గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ (1995) రాత్రి పూట వినదగ్గ ఆల్బమ్. గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, ఖంజీర సెల్వగణేశ్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో చేసిన ‘ది బిలీవర్’ (2000) ఇంకా పదునైనది. గిటార్ ఒక ముక్క విసిరితే మాండలిన్ దాన్ని తిప్పి అప్పజెప్పడం మన కచేరీల్లో స్వరకల్పన విన్నవాళ్ళకు ఇట్టే పట్టుబడుతుంది. 2014లో, 45 ఏళ్ళకే శ్రీనివాస్ వెళ్ళిపోయారు. ఆయన్ని ఆలయ కచేరీల్లోనే విన్నవాళ్ళకు ఈ రెండూ కొత్త శ్రీనివాస్‌ని చూపిస్తాయి.

విజయనగరంలో పుట్టిన వయొలిన్ విదుషి అవసరాల కన్యాకుమారి పేరు ఒక అమెరికన్ జాజ్ ఆల్బమ్ మీద ఉందని ఎందరికి తెలుసు? భారతీయ అమెరికన్ శాక్సొఫోన్ విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్ప చేసిన ‘కిన్స్‌మెన్’ (2008) అది. అందులో కద్రి గోపాల్‌నాథ్ శాక్సొఫోన్, కన్యాకుమారి వయొలిన్, పూవలూరు శ్రీజి మృదంగం ఒకవైపు. గిటార్, బేస్, డ్రమ్స్ ఇంకోవైపు. ఒకే వాద్యం మీద రెండు సంప్రదాయాలు ఎదురెదురుగా నిలబడటం వినాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు.

హైదరాబాద్ వంతు ‘తీర్థ’ (2011). పియానో విజయ్ అయ్యర్, గిటార్ ప్రసన్న, తబలా నితిన్ మిట్టా. నితిన్ హైదరాబాద్‌లో పుట్టి, ఇక్కడే పండిట్ జి. సత్యనారాయణ దగ్గర తబలా నేర్చుకున్నవారు. ముగ్గురిలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నిమిష నిమిషానికీ మారిపోతుంది. పక్కవాద్యం అనే మాటే ఇందులో చెల్లదు.

గిటార్‌కు గమకం వచ్చింది

ఇప్పుడు వీటన్నిటికీ మూలమైన ఆల్బమ్ దగ్గరికి వెళ్దాం. 1975 జులై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌతాంప్టన్ కాలేజీలో జరిగిన కచేరీయే ‘శక్తి విత్ జాన్ మెక్‌లాఫ్లిన్’ (1976). అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్న ఇంగ్లండ్ గిటారిస్ట్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్, మృదంగం రామనాథపురం రాఘవన్. తీగల్ని బాగా లాగి గమకం పలికించడానికి వీలుగా మెక్‌లాఫ్లిన్ తన గిటార్ మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించుకున్నారు. వాటంతటవే తోడుగా మోగేలా అడ్డంగా మరో 7 తీగలు బిగించారు. ఎల్పీ రికార్డు రెండో వైపున్న ఒకే ఒక్క రచన దాదాపు అరగంట సాగుతుంది.

అప్పట్లో ఈ సంగీతానికి పెద్దగా అమ్మకాల్లేవు. అదే బృందం కొత్త సభ్యులతో చేసిన ‘దిస్ మూమెంట్’ (2023) మరుసటి ఏడాది గ్రామీ గెలిచింది. ఆ ఏడాది డిసెంబరులోనే జాకిర్ కన్నుమూశారు.

చేత్తో తాళం వెయ్యండి

లెక్కలంటే ఇష్టపడే సాఫ్ట్‌వేర్ మిత్రులకు ఇక్కడ పండగే. డేవ్ బ్రూబెక్ బృందం ‘టైమ్ అవుట్’ (1959)లోని ‘టేక్ ఫైవ్’ అయిదు దెబ్బల నడక. మన ఖండ చాపూ అయిదే. మనది 2+3, వాళ్ళది 3+2. చేత్తో తాళం వేస్తూ వినండి, తేడా తెలిసిపోతుంది.

అక్కణ్నుంచి నేరుగా మహావిష్ణు ఆర్కెస్ట్రా ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’ (1971)కి దూకొచ్చు. శక్తికి ముందు మెక్‌లాఫ్లిన్ నడిపిన బృందమిది. డ్రమ్స్ పనామాలో పుట్టిన బిల్లీ కోభమ్, కీబోర్డ్ ప్రాగ్ నుంచి వచ్చిన యాన్ హామర్, బేస్ డబ్లిన్‌కు చెందిన రిక్ లెయర్డ్, వయొలిన్ షికాగో జెర్రీ గుడ్‌మన్. రాక్ హోరుతో మొదలై, చూస్తుండగానే తని ఆవర్తనం స్థాయి లెక్కల్లోకి దిగుతారు. రెండో ఆల్బమ్ ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ (1973) మొదటి రచన 18 దెబ్బల ఆవర్తం. తాళం తప్పకుండా చివరిదాకా లెక్కపెట్టగలిగితే మీ టీమ్‌లో మీకు తిరుగులేదు.

బ్లేడు పడ్డ మైల్స్ టేపులు

అదే మెక్‌లాఫ్లిన్ గిటార్ వాయించిన, ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘బిచెస్ బ్రూ’ (1970). 1969 ఆగస్టులో మూడు రోజుల పాటు టేపు తిరుగుతుండగా, మైల్స్ ఇచ్చిన కొద్దిపాటి సూచనల మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించారు. ఆ తర్వాత నిర్మాత టియో మసీరో ఆ టేపుల్ని కోసి, అతికించి, కొన్ని ముక్కల్ని మళ్ళీ మళ్ళీ వాడి రచనలుగా నిలబెట్టారు. ఇప్పుడు కంప్యూటర్ మీద ఎవరైనా చేసే పనిని అప్పట్లో బ్లేడుతో చేశారన్నమాట. దాని తర్వాత ‘ఆన్ ది కార్నర్’ (1972) వినండి. అందులో బాదల్ రాయ్ తబలా ఉంది. వచ్చినప్పుడు విమర్శకులు దుమ్మెత్తిపోశారు. తర్వాతి తరం దాన్నే హిప్‌హాప్‌కు తాతగా గుర్తించింది.

కోల్ట్రేన్ దంపతుల భక్తి

జాన్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ (1965) నాలుగు భాగాలు, అరగంట పైచిలుకు. ఆఖరి భాగాన్ని జాగ్రత్తగా వినాలి. దేవుడికి తాను రాసుకున్న ప్రార్థనను కోల్ట్రేన్ అక్షరం అక్షరంగా శాక్సొఫోన్ మీద పలికించారు. మాట వినపడదు, సాహిత్యం మాత్రం అక్కడే ఉంటుంది. నాదస్వరం మీద కీర్తన విని మనసులో చరణం పాడుకునే తెలుగువాళ్ళకు దీని గురించి వేరే చెప్పాలా? రవిశంకర్ మీది గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న మనిషి ఆయన.

భార్య ఆలిస్ కోల్ట్రేన్ ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ (1971)లో తంబూరా శ్రుతి మీద హార్ప్ తీగలు పరుచుకుంటాయి. తర్వాతి రోజుల్లో ఆమె పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తురాలయ్యారు. కాలిఫోర్నియాలో పెట్టిన ఆశ్రమానికి సాయి అనంతం అని పేరు పెట్టుకున్నారు. ఈ జాబితాలో మొదటిసారికే మనసుకు పట్టే ఆల్బమ్ ఇదే.

ఆఖరి మెట్టు

ఇక్కడిదాకా వచ్చినవాళ్ళకు ఎరిక్ డాల్ఫీ ‘అవుట్ టు లంచ్!’ (1964) భయపెట్టదు. ఆ పైన ఆర్నెట్ కోల్మన్ ‘ఫ్రీ జాజ్’ (1961). 37 నిమిషాల ఒకే రచన. నలుగురేసి వాద్యకారుల బృందాలు రెండు ఒకేసారి వాయిస్తాయి. ఒకటి ఎడమ చెవిలో, ఇంకొకటి కుడి చెవిలో. మొదట ఎడమ వైపు మాత్రమే వినండి. రెండోసారి కుడివైపు. మూడోసారి రెండూ కలిపి. గోల అనుకున్నది అప్పుడు ఎనిమిది మంది కబుర్లుగా విడిపోతుంది. ఇయర్‌ఫోన్ల కోసమే చేసినట్టుంటుంది గానీ, దీన్ని రికార్డు చేసింది 1960 డిసెంబరులో!

ఎలా వినాలి?

• కోడ్ రాస్తూ, మెయిల్ చూస్తూ వద్దు. ఇంటికి వెళ్ళే దారిలో ఒక ఆల్బమ్, అంతే.

• షఫుల్ నొక్కొద్దు. కళాకారుడు పెట్టిన వరసలోనే వినండి.

• ముందు బేస్‌ను పట్టుకోండి. అది దొరికితే మిగతా వాద్యాలు ఎటు తిరిగినా దారి తప్పరు.

• ఒక్కసారికి తీర్పు చెప్పొద్దు. మూడోసారికీ నచ్చకపోతే నిస్సంకోచంగా వదిలేయండి.

ఇక ఒక్కటే ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటే ‘ది బిలీవర్’తో మొదలుపెట్టండి. నచ్చితే వెనక్కి 1976 శక్తికీ, ముందుకు ‘తీర్థ’కూ దారి దానంతటదే తెరుచుకుంటుంది. ఫోన్‌లో విన్నదానితో ఆగిపోకండి. లామకాన్‌లోనో, మాదాపూర్ శిల్పకళావేదికలోనో ఇలాంటి కచేరీ ఉందని తెలిస్తే టికెట్ కొని వెళ్ళండి. శ్రోతలు వస్తారని నమ్మకం కుదిరితేనే నిర్వాహకులు ఇంకో కచేరీ పెడతారు. ఈ సంగీతం మన ఊళ్ళో నిలబడాలంటే ముందు కుర్చీలు నిండాలి.