చెమ్మచెక్క నుంచి జడకోలాటం దాకా: పిల్లల ఆటల్లో లయ సాధన

పాడుతూ ఆడే ఆటలను పెద్దలు సాధారణంగా కాలక్షేపంగానే చూస్తారు. అయితే సంగీతానికి ఆధారమైన లయ, అంటే సమానమైన వ్యవధులతో దెబ్బ తప్పకుండా సాగే కాలగతి, పిల్లలకు పాఠం చెప్పకుండానే ఒంటబట్టేది ఇలాంటి ఆటల్లోనే. లయ తప్పితే ఆటే ఆగిపోతుంది కనుక, వీటిలో ఆట నియమమే గురువు పని చేస్తుంది.

మరీ చిన్నపిల్లలు ఆడే కాళ్ళాగజ్జె కంకాళమ్మలో అందరూ కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఒకరు పాట పాడుతూ ఒక్కో మాటకు ఒక్కో కాలిని తాకుతూ పోతారు. పాట ముగిసిన చోట ఉన్న కాలిని ముడుచుకోవాలి. మాటకూ స్పర్శకూ పొంతన తప్పితే మిగిలినవారు వెంటనే పట్టేస్తారు కాబట్టి, అందరి చెవీ దెబ్బ మీదే ఉంటుంది. చెమ్మచెక్కలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముందు తమ అరచేతులు తామే చరుచుకుని, తరువాత ఎదుటివారి అరచేతులకు తాకించి, మళ్ళీ మొదటికి వస్తూ వేగం పెంచుతారు. ఒప్పులకుప్పలో చేతులు పట్టుకుని, పాదాలు దగ్గరగా ఆనించి, వెనక్కి వాలి గిరగిరా తిరిగే ఇద్దరిలో ఒకరి బరువును మరొకరి బరువే నిలబెడుతుంది కాబట్టి, పాట నడకను ఒకరు మీరితే ఇద్దరూ తూలిపోతారు.

సామూహిక లయకు చక్కని ఉదాహరణ జడకోలాటం. పైన ఒకచోట కట్టిన రంగుల తాళ్ళ కొసలను పట్టుకుని, సగం మంది ఒక దిశలో, తక్కినవారు ఎదురు దిశలో, ఒకరిని లోపలి నుంచి, మరొకరిని వెలుపలి నుంచి దాటుతూ కోలలు తాకిస్తుంటే తాళ్ళు జడలా అల్లుకుంటాయి. అవే అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోవాలి. ఎక్కడైనా ఒక్క అడుగు తప్పితే అక్కడ చిక్కుపడుతుంది.

మాతృభాషలోని జానపద గీతాలు, పాటల ఆటలే పిల్లల సంగీత విద్యకు సరైన ఆరంభమని హంగేరీ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ (1882-1967) వాదించాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎమిల్ జాక్-దాల్‌క్రోజ్ (1865-1950) లయను ముందు శరీర కదలికల ద్వారా నేర్పే పద్ధతిని రూపొందించాడు. చెమ్మచెక్క ఆడే పిల్లలు ఈ రెండింటినీ తెలియకుండానే సాధన చేస్తుంటారు.

కర్ణాటక సంగీతంలోని జతులు, అంటే లయను పలికే అక్షరాల కూర్పులు, తరగతి గదిలో మంచి ఆటకు పనికొస్తాయి. పిల్లలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు మూడక్షరాల ‘తకిట’ను, రెండో జట్టు నాలుగక్షరాల ‘తకధిమి’ని ఒకే వేగంతో పలుకుతూ, ప్రతిసారీ మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టాలి. ఒకేసారి మొదలైన రెండు జట్ల చప్పట్లు మళ్ళీ కలిసేది 12 అక్షరాలు పూర్తయ్యాకే. ఆ కలయిక కోసం ఎదురుచూడటంలోనే ఆటలోని సరదా ఉంది, తాళపు లెక్క కూడా అందులోనే తెలిసిపోతుంది.

పాఠశాల వేడుకల్లో ఎక్కువగా కనిపించే కుర్చీలాటలో మాత్రం ఒక లోపం ఉంది. పాట ఆగిన క్షణాన్ని ఆలస్యంగా గుర్తించే పిల్లలు, అంటే సాధన అవసరమైనవారే, ముందుగా ఆట నుంచి తప్పుకోవలసి వస్తుంది. కుర్చీలు తగ్గిస్తున్నా పిల్లలను తగ్గించకుండా, మిగిలిన కుర్చీల్లోనే అందరూ సర్దుకుని కూర్చోవాలనే నియమం పెడితే ఈ లోపం తీరుతుంది. పిల్లల చేత సంగీతపు ఆటలు ఆడించే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు లయ తప్పిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టకుండా, ఆ పాటనే మరికాస్త నెమ్మదిగా మళ్ళీ ఎత్తుకోవాలి.